సముద్రపు ఒడ్డు ఎవరిది?

(ఆకాశవాణి మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

మాది ఓర్వకల్లు. కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో, రాళ్ల మీద రాళ్లు పేర్చినట్టుండే గుట్టల పక్కన ఊరు. సముద్రం చూడాలంటే మేము ఒక రాత్రంతా ప్రయాణం చేయాలి. అటువంటి ఊరిదానికి సముద్రపు ఒడ్డుతో ఏం పని అని మీకు నవ్వు రావచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. ఈ ఆలోచన నాకు వచ్చింది సముద్రం దగ్గర కాదు, మా మండలంలోని శకునాల దగ్గర.

శకునాల, గని గ్రామాల మధ్య 2017లో పెద్ద సోలార్ పార్కు వచ్చింది. దాదాపు ఆరువేల ఎకరాలు. వెయ్యి మెగావాట్ల కరెంటు. గుట్టెక్కి చూస్తే నీలంగా, మెరుస్తూ, కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది. మా వీధిలో జీవాలు మేపుకునే పెద్దమ్మ ఒకామె ఉంది. ఒకసారి ఆమెతో పాటు అటువైపు పోయినప్పుడు, "యాడిదో సముద్రం తెచ్చి ఈడ పరిచినట్టుండాది గదమ్మా" అంది. కాసేపాగి, "మా అత్త కాపరానికొచ్చిన కాలం నుంచి మా జీవాలు ఈడనే మేసేవి" అంది. "మరి ఆ భూమి మీదా?" అంటే, "మాదెట్లయితాది? సర్కారుది. మాది కాదు గాని, మేమే ఉంటిమి" అంది.

మాది కాదు గాని, మేమే ఉంటిమి! ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. ఆ తర్వాత ఏడాదికి విశాఖపట్నంలో సరిగ్గా అదే మాట మళ్లీ విన్నాను.

విశాఖలో మా ఆడబిడ్డ ఉంటుంది. వాళ్ల ఇల్లు సముద్రానికి దగ్గరే. తెల్లవారుజామున నన్ను ఒడ్డుకు తీసుకుపోయింది. అప్పటికే అక్కడ అలివి వల లాగుతున్నారు. మీలో చూడనివాళ్ల కోసం చెబుతాను. వల ఒక కొస ఒడ్డున పట్టుకుంటారు. పడవ సముద్రంలోకి పోయి, అర్ధచంద్రాకారంగా వలను విడుస్తూ చుట్టి, రెండో కొసను దూరంగా ఇంకో చోట ఒడ్డుకు తెస్తుంది. ఇక రెండు గుంపుల మనుషులు రెండు కొసలనూ లాగుతూ, మెల్లమెల్లగా ఒకరికొకరు దగ్గరవుతూ వస్తారు. అంటే ఈ పనికి సముద్రం ఒక్కటే చాలదు. అడ్డం లేని పొడుగాటి ఇసుక కావాలి. మధ్యలో ఒక గోడో, గుడారమో, రాళ్ల కట్టో ఉంటే ఆ వల ఇక లాగడానికి లేదు. ఇది నాకు అంతవరకు తెలియదు. ఒడ్డంటే నడవడానికీ, పిల్లలు ఇసుకగూళ్లు కట్టుకోవడానికీ అనుకునేదాన్ని.

ఇల్లు చేరాక మా ఆడబిడ్డ ఒక కాగితం తెచ్చింది. "వదినా, నువ్వూ ఒక సంతకం పెట్టు, సంఖ్య పెరుగుతుంది" అని. కాలనీ మహిళలు అధికారులకు రాసుకున్న అర్జీ అది. ఒడ్డున చేపలు ఎండబెట్టడం వల్ల వాసన వస్తోందనీ, పడవలూ వలలూ అడ్డంగా ఉండి వాకింగుకు కష్టంగా ఉందనీ, సముద్రతీరం ప్రజలందరిదీ కనుక అవన్నీ తీయించాలనీ. నేను పెన్ను చేతిలోకి తీసుకున్న మాట వాస్తవం. వాసన నాకూ గిట్టలేదు మరి.

ఆ సాయంత్రం ఒడ్డున చేపలు తిరగేస్తున్న ఒకామెను ఊరికే మాటకు అడిగాను, ఈ జాగా మీదేనా అని. "మాదెలాగవుద్దమ్మా? గవర్నమెంటోలది. మా తాత తెప్ప ఇక్కడే లాగీవోడు, మా నాన ఇక్కడే లాగీవోడు. నాను ఇక్కడే సేపలెండబెడతన్నాను. మాకు కాయితాలేటుంటాయి?" అంది.

చూశారా! మా ఊరి పెద్దమ్మకు సముద్రం తెలియదు, ఈమెకు గొర్రెలు తెలియవు. ఇద్దరిదీ ఒకటే మాట. అందుకని ఈ 'కాయితాల' సంగతి ఎక్కడ మొదలైందో తెలుసుకుందామని కొంత చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. పదో తరగతి చదివినదాన్ని, నాకు తెలిసినంత చెబుతాను.

'ఒడ్డు అందరిదీ' అనే మాట చాలా పాతది. రోమ్ సామ్రాజ్యంలో జస్టీనియన్ చక్రవర్తి క్రీస్తుశకం 533లో వేయించిన ధర్మశాస్త్రంలో గాలి, పారే నీరు, సముద్రం, సముద్రతీరం ఎవరి సొంతమూ కావు, అందరికీ ఉమ్మడి అని ఉంది. మన సుప్రీంకోర్టు కూడా 1996 డిసెంబరు 13న, హిమాచల్‌లో బియాస్ నది పక్కన కట్టిన ఒక హోటలు కేసులో ఆ రోమన్ సూత్రాన్నే తలచుకుంది. ఇటువంటి ప్రకృతి సంపదకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే అని జస్టిస్ కులదీప్ సింగ్ తీర్పు చెప్పారు. గుడి ఆస్తికి ధర్మకర్త ఎలాగో అలాగన్నమాట. బాగానే ఉంది. కానీ ఆ గుడి మెట్ల మీద తరతరాలుగా పూలు అమ్ముకునే మనిషికి ఆ మెట్టు మీద ఏ హక్కు ఉందో ఈ సూత్రం చెప్పదు.

ఇక మన దగ్గర లెక్కలు ఎలా రాశారో చూడండి. తెల్లదొరలు వచ్చి భూమిని సర్వే చేయించింది శిస్తు కోసం. మన సీమలో మన్రో దొర పేరు విననివాళ్లుండరు. 1827లో పత్తికొండలో కలరా తగిలి చనిపోయాడు. ఆయన మీద గౌరవంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆయన రైతువారీ పద్ధతిలో ఏ చేను ఎవరిది, శిస్తు ఎంత అన్నది రాశారు. శిస్తు రానిది? దానికొక మాట ఉంది: పోరంబోకు. తమిళం నుంచి వచ్చిన మాట, లెక్కకు వెలుపలిది అని అర్థం. మేత బయలు పోరంబోకు, వంక పోరంబోకు, శ్మశానం పోరంబోకు, సముద్రపు ఇసుక పోరంబోకు. లెక్కకు వెలుపల ఉన్నది భూమి మాత్రమే అనుకుంటాం గాని, దానిమీద బతికే మనుషులు కూడా ఆ పూటే లెక్కకు వెలుపలికి పోయారు. ఇప్పుడు ఆ మాటను మనం తిట్టుగా కూడా వాడుతున్నాం.

కాగితం లేదంటే కట్టుబాటు లేదని కాదు. అలివి వల ఎవరు ముందు వేయాలి, ఎవరు తర్వాత వేయాలి అన్నదానికి పేటల్లో వంతులుంటాయి. పులికాట్ సరస్సులో దీనికి 'పాడు' అని పేరే ఉంది. ఏ రోజు ఏ చోట ఎవరి వల పడాలో పెద్దల సమక్షంలో చీట్లు వేసి తేలుస్తారు. మంచిచోటు ఒకడికే ఎప్పుడూ దక్కకుండా అదొక ఉపాయం. నేను దీన్ని ఊరికే పొగడను. ఆ పాడు కట్టుబాటులో ఉన్న కులంవాళ్లకే దక్కుతుంది, అందులోనూ మగవాడి పేరుమీదే. చేపలు మోసేదీ, ఎండబెట్టేదీ, అమ్మేదీ ఆడవాళ్లు, చీటీలో వాళ్ల పేరు రాదు. ఆచారం అనగానే చేతులు జోడించనక్కరలేదు. అయినా, లోపం ఉందని వంటింటి కప్పు పీకేస్తామా?

ఆ పులికాట్‌కూ సముద్రానికీ మధ్య ఉన్న దీవే శ్రీహరికోట. మన పిల్లలకు ఆ పేరు చెబితే రాకెట్లు గుర్తొస్తాయి. నాకూ అంతే. టీవీలో అంకెలు వెనక్కి లెక్కపెడుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయిన రోజులున్నాయి. కానీ ఆ దీవికి అంతకుముందు మనుషులున్నారు, యానాదులు. 1835లో శ్రీహరికోట ఇంగ్లీషు సర్కారు చేతికి వచ్చేసరికే వాళ్లు అక్కడ ఉన్నట్టు రికార్డులున్నాయి. అడవిలో తేనె, కుంకుడుకాయ, ముష్టిగింజలు, చిరివేరు సేకరించి ఇస్తే సర్కారువాళ్లు బదులుగా గింజలిచ్చేవారు. చిరివేరు అంటే ఏమనుకున్నారు! మీ బీరువాలో కలంకారీ చీర ఉంటే చూడండి, రసాయన రంగులు రాకముందు ఆ ఎరుపు ఈ వేరు నుంచే వచ్చేది. మన ముత్తవ్వల చీరల ఎరుపులో ఎవరో యానాది ఆడమనిషి గునపం దెబ్బ ఉందన్నమాట.

1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. తూర్పున ఖాళీ సముద్రం ఉండాలి, జనావాసం తక్కువ ఉండాలి. రెండూ సరిపోయాయి. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. యానాదుల్లో చాలామంది దీవి వదిలి అవతలి ఊళ్లకు తరలిపోయారు. దేశానికి ఆ కేంద్రం వద్దని నేను అనను, ఎవరూ అనరు. 1980 జూలైలో ఎస్.ఎల్.వి. రోహిణిని ఎక్కించిన దినం దేశమంతా పండగ చేసుకుందని మా నాన్న చెప్పేవారు. నాకు గుచ్చుకునేది ఒక్కటే. పట్టా ఉన్నవాడి చేను తీసుకుంటే ఇంత అని లెక్క కడతారు. తేనెపట్టు ఏ చెట్టుకు పడుతుందో, చిరివేరు ఏ ఇసుకలో లోతుగా దిగుతుందో తెలిసిన మనిషికి ఏం లెక్క కట్టాలి? ఆ లెక్కకు మన పుస్తకాల్లో గడే లేదు.

రాకెట్ల సంగతి వేరు, దేశం పని అనుకోవచ్చు. రొయ్యల చెరువుల మాటేమిటి? తొంభైలలో నెల్లూరు తీరమంతా రొయ్యల చెరువులు తవ్వారు. కుర్రు అనే జాలరి పల్లెలో చెరువుల ఉప్పునీరు దిగి తాగే నీళ్లు లేకుండా పోయాయి. అక్కడి ఆడవాళ్లు గొడవచేస్తే ట్యాంకర్లతో నీళ్లు పోశారు. ఇంకొక కష్టం కూడా వచ్చిపడింది. చెరువుల చుట్టూ కంచెలు వేసేసరికి, పల్లె నుంచి సముద్రానికి తిన్నగా పోయే దారి లేక చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్.జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న ఆ చెరువులను తీసేయమంది. ఇందాక చెప్పిన బియాస్ నది తీర్పుకు సరిగ్గా రెండు రోజుల ముందు, అదే జస్టిస్ కులదీప్ సింగ్. తీర్పు ఎంత గట్టిదైనా చెరువులు పోలేదు. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వా కల్చర్‌కు వేరే చట్టం చేసి, పాత నిషేధం వాటికి వర్తించదని రాసింది.

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర 'బీల' అని ఒక తడిభూమి ఉంది. సముద్రానికి దగ్గరగా, నీళ్లు నిలిచే పల్లపు నేల. రైతులు, చేపలు పట్టేవాళ్లు, పశువుల వాళ్లు అందరూ దానిమీద బతికేవాళ్లే. కాగితాల్లో అది పనికిరాని భూమి. అక్కడ థర్మల్ కేంద్రం కడతామని వచ్చినప్పుడు 2010 జూలై 14న గొడవ జరిగి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతి ఆ తర్వాత రద్దయింది. పనికిరాని భూమి కోసం ఎవరైనా ప్రాణమిస్తారా, మీరే చెప్పండి.

మరి చట్టం ఏమీ లేదా అంటే, ఉంది. 1991 ఫిబ్రవరి 19న కేంద్రం తీరప్రాంత నియమావళి తెచ్చింది. పోటు గీత నుంచి అయిదువందల మీటర్లు దాని పరిధి. పల్లెప్రాంతాల్లో మొదటి రెండువందల మీటర్లలో కొత్త కట్టడాలు కూడదు. అందులో 'సంప్రదాయ హక్కులు, ఆచార వినియోగాలు' అనే మాట కూడా ఉంది. జాలరి పల్లెల్లో ఇళ్లు కట్టుకునే సందర్భంలో ఒకచోట వస్తుంది. అంతే. అవి ఏమిటో, ఎవరు తేలుస్తారో, ఎక్కడ రాసుకుంటారో లేదు. 2019లో కొత్త నియమావళి వచ్చి, జనసాంద్రత ఎక్కువ ఉన్న పల్లెల్లో ఆ రెండువందల మీటర్లను యాభైకి తగ్గించింది. దానివల్ల జాలరులకు ఇల్లు కట్టుకునే వీలు కలిగిందనేవాళ్లున్నారు, హోటళ్లకు కలిగిందనేవాళ్లున్నారు. యాభై మీటర్లంటే, అలివి వల తాడు పట్టుకుని వెనక్కి నడిచేవాళ్లకు ఏపాటి?

అడవి విషయంలో ఇలా కాదు. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనుల సాముదాయిక హక్కులను పేరుపేరునా రాసింది. మేత, చేపలు, తేనె, గ్రామసభ అన్నీ. మా నల్లమల చెంచులకు కనీసం అర్జీ పెట్టుకోవడానికి ఒక చట్టం ఉంది. సముద్రం ఒడ్డువాళ్లకు అటువంటిది ఈనాటికీ లేదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో ఆచారం వల్ల కలిగే హక్కుల సెక్షను ఒకటుంది. దాని కింద ఇచ్చిన ఉదాహరణ ఏమిటో తెలుసా? ఊరి ఉమ్మడి మేత బయల్లో పశువులను మేపుకునే హక్కు! మా పెద్దమ్మ సంగతి నూట నలభై ఏళ్ల కిందటే రాసిపెట్టారు. కానీ నిరూపించుకోవలసింది కోర్టులో, వకీలును పెట్టుకుని.

ఇంతకీ ఈ చిక్కుముడి మనకొక్కరికే కాదు. న్యూజిలాండ్‌లో దీనిమీద ప్రభుత్వాలే ఊగిపోయాయి. ఈ కథ మా అబ్బాయి చదివి వినిపించాడు. అక్కడి ఆదివాసులు మావోరీలు. 1840లో ఇంగ్లీషువాళ్లతో వైతాంగి దగ్గర ఒప్పందం చేసుకున్నారు. మీ భూములు, అడవులు, చేపలవేట మీకే అని అందులో ఉంది. దక్షిణ దీవి ఉత్తరకొసన కొన్ని తెగలవాళ్లు ఆల్చిప్పల పెంపకానికి అనుమతులు దొరక్క కోర్టుకెళ్లారు. 2003 జూన్‌లో అప్పీలు కోర్టు, ఒడ్డు మీద మీకు ఆచార హక్కు ఉందో లేదో మావోరీ భూముల కోర్టు విచారించవచ్చు అంది. హక్కు ఉందనలేదు, విచారించవచ్చంది! అంతే, ఇక బీచికి పోనివ్వరేమోనని మిగతా జనానికి భయం పట్టుకుంది. ప్రభుత్వం 2004లో ఒడ్డంతా సర్కారుదేనని చట్టం చేసింది. అప్పటికే పట్టాలున్న ప్రైవేటు ఒడ్డు జోలికి మాత్రం పోలేదు. కాగితం ఉన్నవాడికి అక్కడా ఢోకా లేదు.

ఆ మేలో వేలాది మావోరీలు ఉత్తరకొస నుంచి రాజధాని వెల్లింగ్టన్ దాకా యాత్ర చేశారు. తరియానా తురియా అనే ఆమె అప్పుడు ప్రభుత్వంలో మంత్రి. తన జనానికి వ్యతిరేకంగా చెయ్యెత్తనని పదవి వదిలేసి, పార్లమెంటు సీటుకూ రాజీనామా చేసి, ఉప ఎన్నికలో మళ్లీ గెలిచి, మావోరీ పార్టీని నిలబెట్టింది. ఏడేళ్లకు, 2011లో ఆ చట్టం రద్దయి కొత్తది వచ్చింది. అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. సర్కారుదీ కాదు, ఎవరిదీ కాదు, ఉమ్మడి తీరం అన్నారు. ఎవరైనా నడవవచ్చు, ఈదవచ్చు. 1840 నుంచీ ఒక చోటును తమ కట్టుబాటులో ఉంచుకున్న తెగ కోర్టులో రుజువు చేసుకుంటే ఆచార హక్కు ఇస్తారు. ఆ హక్కున్నా నడిచేవాళ్లను ఆపకూడదు, ఆ చోటును అమ్ముకోకూడదు. కానీ ఎవరైనా అక్కడ ఏదైనా కట్టాలంటే చాలా విషయాల్లో ఆ తెగ ఒప్పుకోవాలి. రుజువు ఎంత గట్టిగా ఉండాలన్న తగువు వాళ్లకు ఇంకా తెగలేదు. తెగకపోయినా, నడిచే హక్కు వేరు, బతికే హక్కు వేరు, రెండూ ఒకే ఇసుక మీద ఉండొచ్చని కాగితం మీద రాసుకున్నారు.

విశాఖలోనే 2023 జూలైలో రుషికొండ బీచికి ఇరవై రూపాయల టికెట్టు పెట్టబోయారు. సముద్రం చూడటానికి డబ్బులేమిటని గోల లేచింది, వెనక్కి తీసుకున్నారు. గోల చేయడం న్యాయమే. అదే విశాఖకు కాస్త దక్షిణంగా గంగవరం, దిబ్బపాలెం జాలరులు పడవలు లాగే ఒడ్డు ఓడరేవు కిందకు పోయింది. 2009లో ఆ ఓడరేవు ప్రారంభమైంది. ఆ సంగతి మనలో ఎందరికి తెలుసు? ఇరవై రూపాయల సంగతి మాత్రం నాకు ఓర్వకల్లులో కూడా తెలిసింది.

మళ్లీ మా ఆడబిడ్డ అర్జీ దగ్గరకు వస్తాను. ఆ రాత్రి భోజనాలయ్యాక ఆమెతో అన్నాను, "ఈ కాగితంలో 'ప్రజలందరిదీ' అని రాశారే, ఆ చేపలామె ప్రజల్లోకి రాదా?" అని. ఆమెకు కోపం వచ్చింది. "వదినా, నువ్వు రెండు రోజులుండి పోతావు, రోజూ ఆ వాసన పీల్చేది మేము" అంది. అదీ నిజమే, నేను జవాబు చెప్పలేకపోయాను. మరునాడు పొద్దున ఇద్దరం మళ్లీ ఒడ్డుకు పోయాం. ఆమే ముందుగా ఆ చేపలామెను పలకరించి, ఎన్నింటికి ఎత్తుతారు అని అడిగింది. "ఎండెక్కితే తొందరగా ఆరిపోతాయమ్మా, మబ్బేస్తే సాయంత్రం దాకా" అంది. మీకు ఒక పక్కన దిమ్మ కట్టించి ఇస్తే అక్కడ ఎండబెడతారా అని అడిగింది మా ఆడబిడ్డ. "కడితే బాగుణ్ణు. కట్టింతర్వాత అదీ పోరంబోకంటారేమో" అని నవ్వింది ఆమె.

అర్జీలో పడవలు తీయించాలన్న వాక్యం కొట్టేసి, చేపలకు దిమ్మ కట్టించాలని రాశారట. కాలనీలో సగంమంది సంతకాలు వెనక్కి తీసుకున్నారట. మొన్న ఫోనులో చెప్పింది. అధికారుల దగ్గర నుంచి జవాబు ఇంకా రాలేదు.

ఇక్కడ మా పెద్దమ్మ జీవాలను కంచె పక్కనుంచి చుట్టూ తిప్పి, గుట్టల వెనక్కి తోలుకుపోతోంది. పోయేటప్పుడు ఒక పూట, వచ్చేటప్పుడు ఒక పూట. వేసవిలో రెండు గొర్రెలు దారిలోనే పడిపోయాయని నిన్న చెప్పింది.